కుక్కల దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిలో పోషక సప్లిమెంట్లు: ఏది, ఎప్పుడు, ఎంత

కుక్కకు కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పిన నాటి నుంచే చాలా ఇళ్లలో సప్లిమెంట్ల డబ్బాలు ఒక్కొక్కటిగా చేరడం మొదలవుతుంది. ఒకరు చేప నూనె మంచిదంటారు, మరొకరు ప్రోబయోటిక్ అంటారు, ఇంకొకరు ఏదో మూలికల చూర్ణం పేరు చెబుతారు. ప్రేమతో కొన్న డబ్బాలే అవన్నీ. అయినా వాటిలో కొన్ని ఈ జబ్బులో నిజంగా ఆయుష్షును కాపాడతాయి, కొన్ని ఏమీ చేయవు, కొన్ని మాత్రం మిగిలిన కిడ్నీని కూడా దెబ్బతీస్తాయి. ఈ మూడింటినీ వేరు చేసుకోవడానికి నేను నమ్మే సూత్రం ఒక్కటే: మీరు గిన్నెలో కలిపే ప్రతి సప్లిమెంటుకూ మీ కుక్క రక్తపరీక్ష, మూత్రపరీక్ష రిపోర్టుల్లో ఒక కారణం కనిపించాలి. కారణం కనిపించని సప్లిమెంటు ఎంత పేరున్నదైనా పక్కన పెట్టాల్సిందే.

కిడ్నీలో రక్తాన్ని వడపోసే సూక్ష్మ భాగాలైన నెఫ్రాన్లు ఒకసారి చచ్చిపోతే తిరిగి పుట్టవని కూడా ముందే తెలుసుకోవాలి. కిడ్నీని బాగుచేస్తామని చెప్పే సప్లిమెంటు ఏదైనా అబద్ధమే చెబుతోంది. మన చేతిలో ఉన్నది మిగిలిన నెఫ్రాన్ల మీద భారం తగ్గించడం, వాటి లోపం వల్ల శరీరంలో పేరుకుపోయేవాటిని అదుపులో పెట్టడం, మూత్రంలో కొట్టుకుపోతున్నవాటిని తిరిగి అందించడం. ఈ పనులు సక్రమంగా జరిగితే కుక్క నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి హాయిగా బతుకుతుంది.

మొదటి మెట్టు: రిపోర్టును చదవడం నేర్చుకోండి

ఈ వ్యాధి తీవ్రతను అంచనా వేయడానికి పశువైద్యులు సాధారణంగా ఐరిస్ అనే అంతర్జాతీయ కిడ్నీ వైద్య బృందం రూపొందించిన దశలను అనుసరిస్తారు. కుక్కల రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం డెసీలీటరుకు 1.4 మిల్లీగ్రాముల లోపు ఉన్నా కిడ్నీ దెబ్బతిన్న ఆధారం వేరే ఉంటే మొదటి దశ, 1.4 నుంచి 2.8 దాకా రెండో దశ, 2.9 నుంచి 5.0 దాకా మూడో దశ, 5.0 దాటితే నాలుగో దశ. ఎస్‌డీఎంఏ అనే మరో పరీక్ష ఇంతకంటే ముందుగానే తేడాను పట్టిస్తుంది. దాని ప్రకారం డెసీలీటరుకు 18 మైక్రోగ్రాముల లోపు మొదటి దశ, 18 నుంచి 35 రెండో దశ, 36 నుంచి 54 మూడో దశ, ఆపైన నాలుగో దశ. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది కాబట్టి బాగా చిక్కిపోయిన ముసలి కుక్కలో ఆ అంకె తక్కువగా కనిపించి మనల్ని మోసం చేయవచ్చు. అలాంటి కుక్కల్లో ఎస్‌డీఎంఏ మరింత నమ్మదగినది.

దశ తెలిసినంత మాత్రాన సప్లిమెంట్లు తేలవు. డాక్టరును ఇంకొన్ని అంకెలు అడిగి రాసుకోవాలి: ఫాస్ఫరస్, పొటాషియం, కాల్షియం, బైకార్బొనేట్, ఎర్రరక్తకణాల శాతం, మూత్రంలో ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ మధ్య నిష్పత్తి, రక్తపోటు. ఆ నిష్పత్తి 0.5 దాటితే కిడ్నీ నుంచి ప్రోటీన్ కారిపోతున్నట్టు లెక్క. రక్తపోటు పై అంకె 160 దాటి నిలకడగా ఉంటే దానికి వేరే వైద్యం కావాలి. ఈ రెండు సమస్యలకూ మందులే దిక్కు. టెల్మిసార్టన్, బెనజెప్రిల్, ఆమ్లోడిపిన్ వంటి మందులు చేసే పనిని ఏ సప్లిమెంటూ చేయలేదు.

రక్తం తీసే ముందు కుక్క పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఉంటే ఫాస్ఫరస్ అంకె సరిగ్గా వస్తుంది, కానీ నీళ్లు మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. ఇంకొక జాగ్రత్త: ఒంట్లో నీరు తగ్గిపోయిన కుక్కలోను, లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకిన కుక్కలోను, మూత్రపిండాలకు ఇన్ఫెక్షన్ వచ్చిన కుక్కలోను క్రియాటినిన్ హఠాత్తుగా పెరుగుతుంది. వాటికి చికిత్స చేయకుండా సప్లిమెంట్లతో కాలం గడిపితే కోలుకోగలిగిన కిడ్నీ కూడా చేజారిపోతుంది.

రెండో మెట్టు: సప్లిమెంటు కంటే ముందు తిండి

కిడ్నీ వ్యాధి ఉన్న కుక్కల కోసం ప్రత్యేకంగా తయారయ్యే ఆహారంలో ఫాస్ఫరస్, ప్రోటీన్, సోడియం తక్కువగా ఉంటాయి, బి విటమిన్లు, ఒమేగా-3 కొవ్వులు ఎక్కువగా ఉంటాయి, ఆమ్లత్వాన్ని తగ్గించే లవణాలు కూడా కలిపి ఉంటాయి. అంటే మీరు విడివిడిగా కొనాలనుకున్న వాటిలో చాలా భాగం ఆ గిన్నెలోనే ఉంది. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో 38 కుక్కలను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు కిడ్నీ ఆహారం, మరో గుంపుకు మామూలు ఆహారం పెట్టి రెండేళ్ల దాకా గమనించారు. కిడ్నీ ఆహారం తిన్న కుక్కల మధ్యస్థ జీవితకాలం 594 రోజులు, మామూలు ఆహారం తిన్నవాటిది 188 రోజులు. ఏ ఒక్క సప్లిమెంటుకూ ఇంత బలమైన సాక్ష్యం లేదు. అందుకే ఆహారం మార్చకుండా సప్లిమెంట్ల దగ్గర మొదలుపెట్టడం నా దృష్టిలో తలకిందులైన క్రమం.

ఆహారాన్ని ఒక్కరోజులో మార్చకండి. కనీసం వారం, మొండికేసే కుక్క అయితే నెల దాకా సమయం తీసుకుని పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ కలపండి. వికారంతో నోరు చప్పరిస్తూ, లాలాజలం కారుస్తూ ఉన్న సమయంలో కొత్త ఆహారాన్ని పరిచయం చేస్తే ఆ వాసనకూ ఆ బాధకూ ముడిపెట్టుకుని తర్వాత ఎన్నడూ ముట్టకపోవచ్చు. ముందు వికారం తగ్గించి, ఆ తర్వాతే మార్పు మొదలుపెట్టాలి. ఇంట్లో వండి పెట్టేవారైతే పశుపోషణ నిపుణుల చేత లెక్క వేయించుకోవడం తప్పనిసరి. మాంసం తగ్గించి పిండిపదార్థం పెంచితే చాలనుకుంటే కాల్షియం, జింకు, అత్యవసర అమైనో ఆమ్లాలు కొరవడి కండరాలు కరిగిపోతాయి.

మూడో మెట్టు: ఫాస్ఫరస్‌ను అదుపు చేయడం

ఈ జబ్బులో అన్నిటికంటే విలువైన సప్లిమెంటు, తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టేసే ఫాస్ఫేట్ బైండర్. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ ఎక్కువైన ఫాస్ఫరస్‌ను మూత్రంలో పంపేస్తుంది. నెఫ్రాన్లు తగ్గిన కొద్దీ అది రక్తంలో నిలిచిపోతుంది. దానిని దించడానికి పారాథైరాయిడ్ గ్రంథి ఎడతెరిపి లేకుండా పనిచేస్తూ ఎముకల నుంచి కాల్షియం లాగేస్తుంది. కాల్షియం, ఫాస్ఫరస్ కలిసి మెత్తని అవయవాల్లో, కిడ్నీలోనే పేరుకుని మిగిలిన నెఫ్రాన్లనూ చంపుతాయి. ఫాస్ఫరస్ పెరగడం వల్ల కిడ్నీ పాడవుతుంది, కిడ్నీ పాడవడం వల్ల ఫాస్ఫరస్ పెరుగుతుంది. ఈ వలయాన్ని తెంచగలిగిన చోటు గిన్నె దగ్గరే ఉంది.

చేరాల్సిన లక్ష్యాలు ఇవి: రెండో దశలో డెసీలీటరుకు 2.7 నుంచి 4.6 మిల్లీగ్రాములు, మూడో దశలో 5.0 లోపు, నాలుగో దశలో 6.0 లోపు. ప్రయోగశాల కాగితం మీద "సాధారణం" అని అచ్చయిన పై హద్దు చాలాసార్లు ఈ లక్ష్యాల కంటే ఎక్కువగా ఉంటుంది. రిపోర్టులో ఎర్ర గుర్తు లేదని ఊరుకోకుండా అసలు అంకెను చూడండి. కిడ్నీ ఆహారం మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత పరీక్ష చేయిస్తే చాలా కుక్కల్లో, ముఖ్యంగా రెండో దశలో, ఆహారం ఒక్కటే సరిపోయిందని తేలుతుంది. అప్పటికీ దిగకపోతేనే బైండర్ కావాలి.

ఎక్కువగా వాడేది అల్యూమినియం హైడ్రాక్సైడ్. కుక్క బరువులో కిలోకు రోజుకు 30 నుంచి 60 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి ఆ మొత్తాన్ని పూటలకు పంచుతారు. అంటే పది కిలోల కుక్కకు తక్కువ మోతాదు రోజుకు 300 మిల్లీగ్రాములు, రెండు పూటలు తినేదైతే పూటకు 150. ఎక్కువ కాలం ఎక్కువ మోతాదులో వాడితే అల్యూమినియం పేరుకుని కండరాల బలహీనత, తడబడే నడక కనిపించవచ్చు, రక్తపరీక్షలో ఎర్రకణాల పరిమాణం తగ్గుతుంది. కాల్షియం కార్బొనేట్, కాల్షియం ఎసిటేట్ కూడా బైండర్లే, కానీ రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉన్న కుక్కకూ, కాల్సిట్రయోల్ (విటమిన్ డి నుంచి తయారయ్యే హార్మోన్) తీసుకుంటున్న కుక్కకూ ఇవి తగవు. ఇంట్లో నూరిన గుడ్డు పెంకు పొడి కూడా కాల్షియం కార్బొనేటే కాబట్టి దానికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. లాంథనమ్ కార్బొనేట్‌లోను, సెవెలమర్‌లోను అల్యూమినియం గానీ కాల్షియం గానీ ఉండవు, కానీ ఖరీదు ఎక్కువ.

మనుషుల కడుపుమంటకు అమ్మే ద్రవాలను దీనికి బదులుగా వాడకండి. వాటిలో చాలావాటిలో అల్యూమినియంతో పాటు మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది, పాడైన కిడ్నీ ఆ మెగ్నీషియాన్ని బయటికి పంపలేదు. తీపి కోసం జైలిటాల్ కలిపిన ద్రవమైతే కుక్కకు ప్రాణాంతకం.

బైండర్ విషయంలో అందరూ చేసే పొరపాటు వేళ దగ్గర జరుగుతుంది. ఇది పేగులో ఉన్న తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుని మలంలో పంపే పదార్థం. తిండి లేకుండా ఇస్తే పట్టుకోవడానికి అక్కడేమీ ఉండదు. కాబట్టి తిండితో కలిపి గానీ, తిన్న వెంటనే గానీ ఇవ్వాలి. పొడిని గట్టి గుళికల ఆహారం మీద చల్లితే అది గిన్నె అడుగుకు జారిపోతుంది. కుక్క పైనున్నదంతా శుభ్రంగా తినేసి, అడుగున తెల్లటి పొడిని అలాగే వదిలేసి వెళ్తుంది. మనం మాత్రం మందు పడిందనుకుంటాం. మెత్తని తడి ఆహారంలో ఒకటి రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లతో పొడిని ముద్దగా కలిపి, ఆ ముద్దను మొత్తం ఆహారంలో పిసికి కలపండి. తిన్నాక గిన్నె అడుగును వేలితో తడిమి చూడండి. మధ్యలో చిరుతిండి పెట్టే అలవాటు ఉంటే ఆ తిండిలో ఉన్న ఫాస్ఫరస్‌కు బైండర్ అందదని గుర్తుంచుకోండి. బైండర్ డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయోటిక్‌లను, ఫ్లోరోక్వినోలోన్ రకం మందులను కూడా పట్టేసుకుంటుంది, అందుకని వాటికీ దీనికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మలబద్ధకం వస్తే డాక్టరుకు చెప్పాలి. నీరు తక్కువ ఉన్న ఒంట్లో అది త్వరగా ఇబ్బందిగా మారుతుంది.

నాలుగో మెట్టు: ఒమేగా-3 కొవ్వులు

బైండర్ తర్వాత నేను విలువ ఇచ్చేది చేప నూనెకే. 1998లో వెలువడిన పరిశోధనలో, శస్త్రచికిత్సతో కిడ్నీ కణజాలం బాగా తగ్గించిన కుక్కలకు మూడు రకాల కొవ్వులు పెట్టి చూశారు. చేప నూనె తిన్న కుక్కల్లో కిడ్నీ వడపోత సామర్థ్యం నిలిచింది, కుసుమ నూనె తిన్నవాటిలో మరింత దిగజారింది. ఏ నూనె అయినా ఒకటే కాదని, ఒమేగా-6 ఎక్కువగా ఉన్న నూనె కీడు కూడా చేయవచ్చని దీని నుంచి అర్థమవుతుంది. పనిచేసేవి ఈపీఏ, డీహెచ్ఏ అనే రెండు కొవ్వులు. అవిసె నూనెలో ఉండే ఒమేగా-3 వేరు, దానిని ఈపీఏగా మార్చుకునే శక్తి కుక్క శరీరానికి చాలా తక్కువ.

మోతాదును శరీర బరువుతో నేరుగా గుణించరు. పశుపోషణ గ్రంథాల్లో కిడ్నీ వ్యాధికి సూచించే లెక్క ప్రకారం ఈపీఏ, డీహెచ్ఏ రెండూ కలిపి రోజుకు ఐదు కిలోల కుక్కకు సుమారు 470 మిల్లీగ్రాములు, పది కిలోలకు 790, ఇరవై కిలోలకు 1,320, ముప్పై కిలోలకు 1,800 అవుతాయి. ఇప్పుడు సీసా తిప్పి వెనుక లేబుల్ చూడండి. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉన్న "1,000 మిల్లీగ్రాములు" మొత్తం నూనె బరువు మాత్రమే. మామూలు క్యాప్సూల్‌లో 180 మిల్లీగ్రాముల ఈపీఏ, 120 మిల్లీగ్రాముల డీహెచ్ఏ, అంటే పనికొచ్చేది 300 ఉంటుంది. ఈ లెక్కన పది కిలోల కుక్కకు రెండున్నర క్యాప్సూళ్లకు కాస్త ఎక్కువే కావాలి. అయితే కిడ్నీ ఆహారంలో ఇప్పటికే ఒమేగా-3 కలిపి ఉంటే దానిని తీసివేసి మిగతాదే ఇవ్వాలి. ఆ ఆహారం తయారుచేసేవారిని అడిగితే పరిమాణం చెబుతారు.

అనుకున్న మోతాదులో పావు వంతుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పూర్తి మోతాదుకు తీసుకురండి. విరేచనాలు పలచబడితే వెనక్కి తగ్గాలి. గతంలో ప్యాంక్రియాస్ వాపు వచ్చిన కుక్కకూ, రక్తంలో కొవ్వులు ఎక్కువగా ఉన్న కుక్కకూ డాక్టరు ఒప్పుకుంటేనే ఇవ్వాలి. ఎక్కువ మోతాదులు రక్తం గడ్డకట్టే తీరును కొంత మందగింపజేస్తాయి కాబట్టి శస్త్రచికిత్సకు ముందు ఈ విషయం తప్పక చెప్పండి. నూనె ముక్కితే మేలు పోయి కీడు మిగులుతుంది. సీసా తెరిచినప్పుడు ఘాటైన కుళ్లు వాసన వస్తే పారేయండి, తెరిచిన సీసాను ఫ్రిజ్‌లో ఉంచండి. విటమిన్ ఇ కలిసిన చేప నూనె ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే ఈ కొవ్వులు శరీరంలో విటమిన్ ఇ అవసరాన్ని పెంచుతాయి. చేప నూనె, చేప కాలేయపు నూనె ఒకటి కాదు. కాడ్ చేప కాలేయపు నూనెలో విటమిన్ ఏ, డి అధికంగా ఉంటాయి, కిడ్నీ జబ్బు ఉన్న కుక్కకు ఆ రెండూ ప్రమాదమే.

ఐదో మెట్టు: పరీక్ష చెబితేనే ఇవ్వాల్సినవి

పొటాషియం విషయంలో పిల్లుల గురించి చదివిన సలహాను కుక్కకు వర్తింపజేయడం తరచుగా జరిగే పొరపాటు. కిడ్నీ జబ్బు ఉన్న పిల్లుల్లో పొటాషియం తగ్గడం మామూలే. కుక్కల్లో, ముఖ్యంగా బెనజెప్రిల్, టెల్మిసార్టన్ వంటి మందులు వాడుతున్నవాటిలో, అది పెరిగే అవకాశం ఎక్కువ. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. అంకె తక్కువగా ఉందని చూసిన తర్వాతే పొటాషియం సిట్రేట్ గానీ గ్లూకోనేట్ గానీ ఇవ్వాలి.

రక్తంలో బైకార్బొనేట్ లీటరుకు 18 మిల్లీమోల్స్ కంటే తగ్గితే శరీరం ఆమ్లభరితమై కండరాలు కరుగుతాయి, ఆకలి చస్తుంది. అప్పుడు సోడియం బైకార్బొనేట్‌తో దానిని 18కీ 24కీ మధ్యకు తెస్తారు. దానిలోని సోడియం రక్తపోటును పెంచగలదు కాబట్టి మోతాదు డాక్టరే నిర్ణయించాలి.

కాల్సిట్రయోల్ మూడు, నాలుగు దశల కుక్కల్లో జీవితకాలాన్ని పెంచగలదని ఆధారాలున్నాయి. కానీ ఇది నానోగ్రాముల్లో తూచి ఇచ్చే హార్మోన్, ఫాస్ఫరస్‌ను ముందు అదుపులోకి తెచ్చిన తర్వాతే మొదలుపెడతారు, అయనీకృత కాల్షియాన్ని (రక్తంలో దేనికీ అంటుకోకుండా ఉన్న కాల్షియాన్ని) పదే పదే కొలుస్తారు. దుకాణంలో దొరికే విటమిన్ డి చుక్కలు దీనికి బదులు కావు, అవి కాల్షియాన్ని అదుపు తప్పించి కిడ్నీని చంపగలవు. ఇనుము సంగతీ ఇంతే. కిడ్నీ జబ్బులో రక్తహీనతకు ప్రధాన కారణం ఎర్రరక్తకణాలను తయారుచేయించే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ తగ్గడం, దానికి డార్బెపోయిటిన్ వంటి ఇంజెక్షన్లు ఇస్తూ వాటికి తోడుగా ఇనుము ఇస్తారు. ఇనుప సిరప్ ఒక్కటే పోస్తే కడుపు పాడవడం తప్ప ఒరిగేది తక్కువ.

ఆరో మెట్టు: కొంత మేలు చేయగలవి

బి విటమిన్లు నీటిలో కరుగుతాయి. ఎక్కువగా మూత్రం పోసే కుక్కలో అవి కొట్టుకుపోతాయి. కిడ్నీ ఆహారాన్ని పూర్తిగా తింటున్న కుక్కకు విడిగా అవసరం ఉండదు, సగం గిన్నె వదిలేస్తున్న కుక్కకు బి కాంప్లెక్స్ ఇవ్వడం సమంజసం. రక్తంలోని యూరియా కొంత పేగులోకి చేరుతుంది, అక్కడి బ్యాక్టీరియా దానిని వాడుకుంటుంది, కాబట్టి ప్రోబయోటిక్‌లు, పులిసే పీచు మేలు చేస్తాయన్న ఆలోచన తర్కానికి నిలుస్తుంది. కిడ్నీ ఆహారాల్లో పీచు కలపడం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన. ప్రోబయోటిక్‌లకు మాత్రం సాక్ష్యం బలహీనం. 2011లో పిల్లుల మీద చేసిన పరీక్షలో ప్రోబయోటిక్ పొడిని తిండి మీద చల్లి ఇస్తే యూరియా, క్రియాటినిన్ తగ్గలేదు. ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కానీ బైండర్‌ను మానేసి ఆ డబ్బుతో దీన్ని కొనకండి.

ఏడో మెట్టు: గిన్నె దరిదాపులకు రానివ్వకూడనివి

విటమిన్ ఏ, డి ఉన్న మనుషుల మల్టీవిటమిన్లు, ఎముకల పొడి, ఎముకల రసం, ప్రోటీన్ పొడులు, ఉప్పు కలిసిన చిరుతిళ్లు మానేయాలి. విటమిన్ సి అక్కర్లేదు: కుక్క కాలేయం దానిని తానే తయారుచేసుకుంటుంది, అదనంగా ఇస్తే ఆక్సలేట్‌గా మారి కిడ్నీకి భారమవుతుంది. మూత్రం ఎక్కువగా పోయించే మూలికలు అప్పటికే నీరు కోల్పోతున్న కుక్కను మరింత ఎండగడతాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష ఏ రూపంలోనూ వద్దు, అవి ఆరోగ్యంగా ఉన్న కుక్క కిడ్నీలనే ఒక్కరోజులో దెబ్బతీయగలవు. కీళ్ల నొప్పికని ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయడం కూడా అంత ప్రమాదమే.

ఎనిమిదో మెట్టు: ఒక్కొక్కటిగా చేర్చండి, కొలవండి

రెండు కొత్త సప్లిమెంట్లను ఒకే వారంలో మొదలుపెట్టవద్దు. వాంతి అయితే దేనివల్లో తెలియదు, అంకె మెరుగైతే దేనివల్లో కూడా తెలియదు. ఒక్కో మార్పుకూ కనీసం రెండు వారాల ఎడం ఇచ్చి, పుస్తకంలో తేదీ, మోతాదు, తిన్న పరిమాణం, తాగిన నీరు, వాంతులు, వారానికోసారి బరువు రాసుకోండి. బైండర్ మోతాదు మార్చిన ప్రతిసారీ నాలుగు నుంచి ఆరు వారాల్లో ఫాస్ఫరస్ చూపించాలి. నిలకడ వచ్చాక దాదాపు మూడు నెలలకోసారి సరిపోతుంది. ప్రతి పరీక్షకూ సప్లిమెంట్ల సీసాలనే వెంట తీసుకెళ్లండి, లేబుల్ చదివితే డాక్టరుకు మనం నోటితో చెప్పలేనివి కనిపిస్తాయి.

ఆకలి తగ్గినప్పుడు

జబ్బు ముదిరిన కొద్దీ గిన్నె దగ్గర పోరాటం మొదలవుతుంది. ఆ దశలో నా ఉద్దేశం స్పష్టం: కుక్క తినడం అన్నిటికంటే ముఖ్యం, సప్లిమెంట్లు దాని తర్వాతే. మొదట ప్రోబయోటిక్, బి కాంప్లెక్స్ వంటివి ఆపండి, తర్వాత వాసన వల్ల తిండి వద్దంటుంటే చేప నూనె ఆపండి. పూట తినకపోతే ఆ పూట బైండర్ ఇవ్వడంలో అర్థం లేదు. చేదు మాత్రలను కిడ్నీ ఆహారంలో దాచకండి, దానికి వేరే చిన్న ముద్ద వాడండి, లేకపోతే ఉన్న ఒక్క మంచి ఆహారం మీదా విరక్తి పుడుతుంది. తిండిని గోరువెచ్చగా చేసి, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు పెట్టండి. మారోపిటెంట్‌తో వికారం తగ్గించవచ్చు, కాప్రోమోరెలిన్, మిర్టజపిన్ వంటివి ఆకలి పుట్టిస్తాయి. చర్మం కింద ఎక్కించే ద్రవాలు నీటి లోటును తీర్చి కుక్కను తేలికపరుస్తాయి. ఈ సాయం అందినా రెండు రోజులు ఏమీ తినకపోతే, లేదా నోట్లో పుండ్లు, అమ్మోనియా వాసన, ఆగని వాంతులు కనిపిస్తే సప్లిమెంట్ల గురించి ఆలోచించడం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.